ప్రాస పిలిచిన నవ్వు

తెలుగు పద్యం వినేవాడి చెవి కవి కంటే ఒక అడుగు ముందుంటుంది. ఉత్పలమాల ఎత్తుకోగానే పదో అక్షరం దగ్గర ఏ హల్లు పడబోతోందో అలవాటున్న శ్రోతకు తెలిసిపోతుంది. అది యతిస్థానం, మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిందే. పాదంలో రెండో అక్షరం ప్రాస. మొదటి పాదంలో ఏ హల్లు పడితే మిగతా మూడింటిలోనూ అదే రావాలి. నన్నయ నాటి నుంచీ ఉన్న ఈ కట్టుబాటును బడిలో శిక్షలా నేర్పుతారు గానీ, హాస్యకవులకు ఇది వరం. శబ్దం ఫలానాదే వస్తుందని ముందే తెలుసు, అర్థం ఎటు తిరుగుతుందో తెలియదు. నవ్వు పుట్టేది ఆ సందులోనే.

తెనాలి రామకృష్ణుడి దోమ కథ తెలియని తెలుగువాడు ఉండడు. దోమ గొంతులో ఏనుగుల గుంపు దూరిందన్న అర్థం వచ్చే సమస్యను ఎవరో ఆయనకు ఇచ్చారట. ఇచ్చినవాణ్ణి గంజాయి తాగి కూశావా అని తిడుతూ ఒకసారి పూరించాడు. అదే సమస్యను రాయలవారు ఇచ్చేసరికి, పాండవులంతటివారు విరాటుడి కొలువులో చేరిన దుస్థితికి పోలికగా మార్చి గౌరవంగా ముగించాడు. ఇది జరిగిందో, జనం అల్లుకున్నదో అటుంచండి. గమనించాల్సింది వేరే ఉంది. సమస్య ‘కుంజర’తో మొదలవుతుంది. అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘ంజ’ కావాలి. అలా మొదలయ్యే తెలుగు మాటలు వెతికితే తిట్టడానికి చేతికందేది గంజాయే! ఆ తిట్టును పిలుచుకొచ్చింది కోపం కాదు, ప్రాస.

ఈ ఆటనే అవధానం సభకెక్కించింది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి దాన్ని పండితుల చావడి నుంచి జనంలోకి తెచ్చారు. అష్టావధానంలో సమస్యాపూరణం ఒక్క ఊపున అయిపోదు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదమే చెబుతారు. అసంబద్ధమైన నాలుగో పాదం సభకు ముందే తెలుసు, అక్కడికి అవధాని ఏ దారిన వస్తాడన్నదే ఉత్కంఠ. దత్తపది మరీ కొంటెది. పృచ్ఛకుడు దోసె, వడ, పూరీ లాంటి మాటలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. అవధాని ‘ఏదో సెలవిమ్ము’లో దోసెను, ‘వెలువడగ’లో వడను, ‘పూ రీతి’లో పూరీని దాచేస్తే కృష్ణరాయబారం సాఫీగా సాగిపోతుంది. ఫలహారం కోసం ఎదురుచూసిన సభ ఒక్క క్షణం ఆలస్యంగా చప్పట్లు కొడుతుంది.

హాస్యానికి కందపద్యం మరీ అచ్చివచ్చింది. పన్నెండు మాత్రల పొట్టి పాదం, వెంటనే ఇరవై మాత్రల పొడుగు పాదం, మళ్లీ అదే వరస. కవిచౌడప్ప తన శతకమంతా దీనిలోనే రాశాడు. కాస్త బూతు లేనిదే నవ్వు పుట్టదని ఒక పద్యంలో తానే ఒప్పుకున్నాడు కూడా. ఆయన మకుటం ‘కుందవరపు కవిచౌడప్పా’. మాత్రలు లెక్కేస్తే నాలుగో పాదంలో యతి సరిగ్గా ‘కవి’లోని ‘క’ మీద పడుతుంది. కాబట్టి ఆ పాదం క, ఖ, గ, ఘల వంటి అక్షరంతోనే ఎత్తుకోవాలి. ముగింపు ఏ అక్షరంతో మొదలవ్వాలో మకుటమే ముందుగా నిర్ణయించేసింది. అలాంటి చోట కొసమెరుపు ముందు దొరికించుకుని, పై పాదాలు తర్వాత కట్టుకోవడమే కవికి తేలిక.

శ్రీశ్రీ దగ్గరికొస్తే తమాషా ముదురుతుంది. 1928లో ‘ప్రభవ’ నాటికే పద్యం మీద చేయి తిరిగినవాడు, 1950లో పుస్తకంగా వచ్చిన ‘మహాప్రస్థానం’తో పద్యానికి సెలవిచ్చినవాడు, నవ్వించాలనుకున్నప్పుడు మాత్రం మళ్లీ కందానికే వచ్చాడు. ‘సిరిసిరిమువ్వా’ మకుటంతో ఆయన రాసిన కందాల్లో యతి ‘సి’ మీదే పడుతుంది. విప్లవకవి సైతం నాలుగో పాదానికి సి, చి, శ్రీ, చె లాంటివి వెతుక్కోవాల్సిందే. ఈ పద్యాలూ ప్రాసక్రీడలూ లిమఋక్కులూ కలిపి ‘సిప్రాలి’ అయ్యాయి. గంభీర కవిత్వం నుంచి తరిమేసిన ప్రాసకు హాస్యం ఆశ్రయమిచ్చిందన్నమాట.

ఆ లిమఋక్కుకు మూలం అయిదు పాదాల ఇంగ్లిషు లిమరిక్కు. దాన్ని ప్రచారానికి తెచ్చిన ఎడ్వర్డ్ లియర్ 1846 నాటి పుస్తకంలో చాలాచోట్ల మొదటి పాదం చివరి మాటనే అయిదో పాదం చివరా వాడి ఊరుకున్నాడు. అయిదో పాదంలో బాంబు పేల్చడం తర్వాతివారి అలవాటు.

ఆరుద్ర ఇంకా పొదుపరి. జానపదుల కూనలమ్మ పదాన్ని తీసుకుని, అంత్యప్రాసతో మూడు చిన్న పాదాలు, చివర ‘ఓ కూనలమ్మా’ అన్న పిలుపు, అంతే. మొదటి రెండు పాదాలు చెవిని అలవాటు చేస్తాయి, మూడోది కాలికి అడ్డం పడుతుంది. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీల కిటుకూ దగ్గరదే, కాకపోతే అక్కడ చెవిని సిద్ధం చేసిపెట్టింది మరో కవి. శ్రీశ్రీ నడకా కృష్ణశాస్త్రి నిట్టూర్పూ పాఠకుడి నోట్లో ముందే నానుతుండాలి, లేకపోతే పేరడీ పేలదు.

ఈ లెక్కన ఇవాళ్టి టీవీ పంచ్‌ల్లో చాలావరకు తేలిపోతాయి. రెండు మాటల తోకలు కలిస్తే చాలనుకుంటారు. ప్రాస కుదురుతుంది గానీ అర్థం మనం అనుకున్న దారినే పోతుంది. నవ్వు ట్రాకు వేసి పూడ్చుకోవాల్సి వస్తుంది. ఈసారి మీ ఊళ్లో అష్టావధానం జరిగితే నాలుగో ఆవృత్తి అయ్యేదాకా లేవకండి. వీలైతే పృచ్ఛకుడిగా పేరిచ్చి, మీరే ఓ మొండి సమస్య విసరండి.