లినక్స్ కంప్యూటర్‌లో ఆటోమేటిక్ బ్యాకప్.. ఒక్కసారి సెట్ చేస్తే సరిపోతుందా? ఈ పని మర్చిపోతే అంతే!

దసరా దాటితే జమ్మికుంటలో పత్తి సీజన్ ఊపందుకుంటుంది. సరిగ్గా అదే టైమ్‌లో ఓ అడ్తి దుకాణంలోని కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయిందనుకోండి.. తక్‌పట్టీల లెక్కలు, ఏ రైతుకు ఎంత ఇవ్వాలన్న వివరాలు అన్నీ గల్లంతే. డబ్బులు పెడితే కొత్త డిస్క్ వస్తుంది. పోయిన లెక్క మాత్రం రాదు.

లినక్స్‌కు వైరస్ బెడద తక్కువ కదా అని కొందరు ధీమాగా ఉంటారు. కానీ డిస్క్ పాడవడానికి విండోస్, లినక్స్ అన్న తేడా లేదు. 'రేపు కాపీ చేద్దాంలే' అనుకుంటే ఆ రేపు రాదు. అందుకే బ్యాకప్ దానంతట అదే జరగాలి. అదెలాగో చూద్దాం.

3-2-1 లెక్క

ఫైల్‌కు మొత్తం 3 కాపీలు ఉండాలి. అవి కనీసం 2 వేర్వేరు డిస్కులపై ఉండాలి. అందులో 1 కాపీ వేరే చోట ఉండాలి. అంటే దుకాణంలో ఒకటి ఉంటే, ఇంట్లో మరొకటి అన్నమాట. అదే కంప్యూటర్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు.

ఉబుంటులో ఇలా సెట్ చేయండి

1. 'బ్యాకప్స్' యాప్ తెరవండి. లేకపోతే యాప్ స్టోర్‌లో 'డేజా డూప్' అని వెతికి ఇన్‌స్టాల్ చేసుకోండి. ఇది ఉచితం.
2. ఏ ఫోల్డర్లు కావాలో ఎంచుకోండి. లెక్కల సాఫ్ట్‌వేర్ తన డేటాను హోమ్ ఫోల్డర్ బయట పెడుతుందేమో ముందే చూసుకోండి.
3. కాపీ వెళ్లాల్సిన చోటుగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను చూపించండి.
4. పాస్‌వర్డ్ పెడితే కాగితంపై రాసి భద్రపరచండి. అది మర్చిపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.
5. ఆటోమేటిక్ ఆప్షన్ ఆన్ చేసి, ఎన్ని రోజులకోసారి జరగాలో ఎంచుకోండి.

టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అంటే కుదరదు

లినక్స్ మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ముందే ఉంటుంది. అయితే అది కాపాడేది సిస్టమ్‌ను. అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ మొరాయిస్తే పాత స్థితికి తెస్తుంది. మామూలు సెట్టింగ్‌లో మీ ఫొటోలు, లెక్కలు ఉండే హోమ్ ఫోల్డర్‌ను అది ముట్టుకోదు.

కమాండ్లు వాడేవాళ్లు జాగ్రత్త

ఆర్‌సింక్‌ను క్రాన్‌తో నడిపేవాళ్లకు మూడు చిక్కులు. ఒకటి, ఆ టైమ్‌కు కరెంట్ లేక కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటే క్రాన్ ఆ పనిని వదిలేస్తుంది. అనాక్రాన్ అయితే కంప్యూటర్ ఆన్ అయ్యాక పూర్తి చేస్తుంది. రెండు, డిస్క్ తగిలించకపోతే కాపీ లోపలి డిస్క్‌లోకే పోయే ప్రమాదం ఉంది. స్క్రిప్ట్ ముందుగా డిస్క్ ఉందో లేదో చూసుకునేలా రాయాలి. మూడు, డిలీట్ ఆప్షన్ పెడితే మీరు పొరపాటున తీసేసిన ఫైల్ బ్యాకప్‌లోనూ మాయమవుతుంది. పాత కాపీలూ ఉండాలంటే రెస్టిక్, బోర్గ్ లాంటి టూల్స్ మేలు.

రెండో డిస్క్ ఎందుకు?

2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఇలాంటి దాడిలో కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్క్ కూడా లాక్ అయిపోవచ్చు. పిడుగు పడినా రెండూ కలిసే కాలిపోవచ్చు. అందుకే రోజువారీ బ్యాకప్‌కు ఒక డిస్క్ ఉంచి, వారానికోసారి రెండో డిస్క్‌లోకి కాపీ తీసి ఇంటికి తీసుకెళ్లండి.

అసలు పరీక్ష ఇదే

1998లో పిక్సార్ స్టూడియోలో ఒక్క డిలీట్ కమాండ్‌తో 'టాయ్ స్టోరీ 2' సినిమా ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందిలే అనుకున్నారు.. తీరా చూస్తే అది సరిగా పనిచేయడం లేదు. చివరికి ఓ ఉద్యోగిని ఇంట్లో పని కోసం పెట్టుకున్న కాపీయే ఆదుకుంది.

అందుకే నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లోకి వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి. తెరుచుకుంటేనే మీకు బ్యాకప్ ఉన్నట్టు. ఆ పరీక్ష సీజన్ మొదలవకముందే చేస్తే ఇంకా మంచిది.