కన్ను అక్కడ, మనిషి ఇక్కడ: రిమోట్ పైలట్ విమానాల చరిత్రలో ‘పరిస్థితి అవగాహన’

డ్రోన్ల మీద మెయిన్స్ ప్రశ్న వస్తే మనలో చాలామంది జవాబు ఒకే మూసలో ఉంటుంది. ఉపయోగాలు నాలుగు, సవాళ్లు నాలుగు, చివర పరిష్కారాల పేరుతో రెండు వాక్యాలు. సవాళ్ల కింద గోప్యత, సైబర్ దాడి, దిగుమతులపై ఆధారపడటం తప్పకుండా రాస్తాం. రాయనిది ఒకటుంది. విమానంలో లేని పైలట్‌కి ఆ విమానం చుట్టూ ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని వందేళ్ల చరిత్ర చదివితే జీఎస్-3లో అంతర్గత భద్రత, టెక్నాలజీ రెండూ కలిసొస్తాయి, జీఎస్-4 ఎథిక్స్‌కి ఉదాహరణలు కూడా దొరుకుతాయి. భిలాయి క్యాంప్ 1లో ఉండి చదువుకుంటున్న నాకు ఇది ఊరి పక్క చరిత్ర కూడా. అదెలాగో నాలుగో భాగంలో చెబుతాను.

1. ముందు భావన

‘సిట్యుయేషనల్ అవేర్‌నెస్’కి ఎక్కువమంది వాడే నిర్వచనం అమెరికా ఇంజనీర్ మికా ఎండ్స్‌లీది. 1995లో ఆమె దీన్ని మూడు మెట్లుగా వివరించారు: గమనించడం, అర్థం చేసుకోవడం, తర్వాత ఏం జరగబోతోందో అంచనా వేయడం. రోడ్డు దాటేటప్పుడు లారీ కనిపించడం మొదటి మెట్టు. అది వేగం తగ్గించడం లేదని గ్రహించడం రెండోది. మనం సగం దాటేలోపు అది ఇక్కడికి వచ్చేస్తుందని లెక్కేసి ఆగిపోవడం మూడోది. మొదటి మెట్టు దగ్గరే తప్పితే మిగతా రెండూ ఎంత తెలివిగా ఉన్నా ప్రయోజనం లేదు.

కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్‌కి మొదటి మెట్టు సగం ఒంటితోనే అందుతుంది. సీటు అదురు, ఇంజన్ శబ్దంలో తేడా, కాలిన వాసన, కంటి చివర కదిలిన నీడ, ఇవన్నీ అడగకుండానే వస్తాయి. నేల మీద కూర్చున్న పైలట్‌కి ఇవేవీ రావు. ఆయనకి తెర మీద కనిపించేదే లోకం. భిలాయి వాళ్లకి ఇది అర్థం చేసుకోవడం తేలిక. బ్లాస్ట్ ఫర్నేస్ లోపలికి ఎవరూ దిగి చూడలేరు. ఉష్ణోగ్రత, పీడనం, గ్యాస్ మిశ్రమం చెప్పే మీటర్లను బట్టి లోపల ఏం జరుగుతోందో ఊహించాలి. మీటర్ చూపించనిది ఆపరేటర్‌కి లేనట్టే. రిమోట్ పైలట్ పరిస్థితీ అంతే. పైగా ఆయన ‘ఫర్నేస్’ గాల్లో కదులుతూ ఉంటుంది.

2. కంటి ముందు నుంచి ఖండాల అవతలికి

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, బ్రిటన్‌లో ఆర్చిబాల్డ్ లో రేడియోతో నడిచే విమానాన్ని ప్రయత్నించారు. 1930లలో బ్రిటన్ ‘క్వీన్ బీ’ అనే రేడియో విమానాన్ని ఫిరంగి దళాల గురి సాధన కోసం వాడింది. రాణి ఈగ పేరు నుంచే మగ తేనెటీగ అనే అర్థమున్న ‘డ్రోన్’ మాట వాడుకలోకి వచ్చిందంటారు. ఆ దశలో అవగాహన పెద్ద సమస్య కాదు. విమానం నడిపేవాడి కళ్లెదుటే ఉండేది, దాని పని కాల్పులకు గురి కావడమే. మన డీఆర్‌డీఓ తయారుచేసిన ‘లక్ష్య’ కూడా ఇలాంటి లక్ష్య విమానమే.

1982లో లెబనాన్ యుద్ధంలో ఇజ్రాయెల్ చిన్న మానవరహిత విమానాల నుంచి టీవీ దృశ్యాలు అందుకుంటూ సిరియా క్షిపణి స్థావరాలను వెతికింది. 1990ల మధ్యలో అమెరికా ‘ప్రిడేటర్’ వచ్చింది. ఉపగ్రహ లింకు తోడయ్యాక పైలట్ ఒక ఖండంలో, విమానం ఇంకో ఖండంలో ఉండటం సాధ్యమైంది. ఇక్కడ ఫిజిక్స్ అడ్డొస్తుంది. భూస్థిర ఉపగ్రహం సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. విమానం పంపిన దృశ్యం పైకి వెళ్లి కిందికి రావడానికే దాదాపు పావు సెకను పడుతుంది. దానికి పైలట్ ఇచ్చిన ఆదేశం తిరిగి చేరాలంటే ఇంకో పావు సెకను. వీడియో కుదింపు, ప్రాసెసింగ్ దీనికి అదనం. అందుకే టేకాఫ్, ల్యాండింగ్ రన్‌వే దగ్గరి బృందం చేసి, పైకి వెళ్లాక దూరపు బృందానికి అప్పగించే పద్ధతి పుట్టింది. పైలట్ చూస్తున్నది ఎప్పుడూ ‘ఇప్పుడు’ కాదు, కాస్త ముందటి క్షణం. ఆ దృశ్యం కూడా గొట్టంలోంచి చూసినట్టు ఇరుకుగా ఉంటుంది. చట్రం అవతల ఏముందో తెలియదు.

3. రెండు దుర్ఘటనలు, రెండు మెట్లు

మొదటిది 2006 ఏప్రిల్ 25, అమెరికా-మెక్సికో సరిహద్దులో నొగాలిస్ దగ్గర. సరిహద్దు గస్తీలో ఉన్న ప్రిడేటర్-బి కంట్రోల్ కన్సోల్ మొరాయించింది. పైలట్ పక్క కన్సోల్‌కి మారాడు. ఆ కన్సోల్‌లో ఒక లివర్ ఇంధనం ఆపేసే స్థానంలో ఉంది. మారే ముందు రెండు కన్సోళ్ల లివర్లూ ఒకే స్థానంలో ఉన్నాయో లేదో చూడమని చెక్‌లిస్ట్ చెబుతుంది. ఆ పని జరగలేదు. ఇంజన్ ఆగిపోయింది. కాక్‌పిట్‌లో ఉంటే ఆ నిశ్శబ్దం క్షణంలో తెలిసేది. ఇక్కడ విమానం ఎత్తు కోల్పోతున్నా కారణం వెంటనే అందలేదు. చివరికి లింకు తెగి కూలిపోయింది. నేల మీద ఎవరికీ గాయాలు కాలేదు. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ 22 సిఫారసులు చేసింది. ఇది మొదటి మెట్టు వైఫల్యం.

రెండోది 2010 ఫిబ్రవరి 21, అఫ్గానిస్తాన్‌లోని ఉరూజ్‌గాన్. మూడు వాహనాల్లో వెళ్తున్న ప్రయాణికులను అమెరికాలోని నెవాడా నుంచి ప్రిడేటర్ సిబ్బంది గంటల తరబడి చూశారు. కెమెరా పనిచేస్తోంది, లింకు బాగుంది, దృశ్యం స్పష్టం. అయినా వాళ్లను సాయుధులుగానే చదివారు. పిల్లలున్నారేమో అన్న సూచనలు పక్కకు పోయాయి. హెలికాప్టర్లు దాడి చేశాయి. అమెరికా సైనిక విచారణ ప్రకారమే 23 మంది వరకు పౌరులు చనిపోయారు. ప్రిడేటర్ సిబ్బంది ఇచ్చిన సమాచారాన్ని ఆ విచారణ తప్పుపట్టింది. ఇక్కడ పడిపోయింది రెండో మెట్టు. కన్ను చూసింది, మనసు ముందే అనుకున్నదాన్ని అందులో వెతుక్కుంది.

ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మొదటి రకం లోపాన్ని మంచి సెన్సర్‌తో, అలారంతో, చెక్‌లిస్ట్ క్రమశిక్షణతో తగ్గించవచ్చు. రెండో రకానికి ఇంకా మంచి కెమెరా మందు కాదు.

4. మన దేశం, మన పక్క అడవి

కార్గిల్ యుద్ధం (1999) తర్వాత కె. సుబ్రహ్మణ్యం నేతృత్వంలోని సమీక్షా కమిటీ నిఘాలోని లోటును, మానవరహిత విమానాల అవసరాన్ని ఎత్తిచూపింది. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన సెర్చర్, హెరాన్ మన సేనల్లో స్థిరపడ్డాయి. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ జిల్లాలో 76 మంది జవాన్లు చనిపోయాక బస్తర్ అడవుల మీద నిఘా పెద్ద చర్చ అయింది. అప్పట్లో ఎన్‌టీఆర్‌ఓ నడిపే విమానాలు హైదరాబాద్‌లోని బేగంపేట నుంచి ఎగిరి బస్తర్ చేరేవి. తర్వాత ఆ స్థావరాన్ని భిలాయి పక్కనే, స్టీల్ ప్లాంట్ సున్నపురాయి గనులున్న నందిని విమానపట్టీకి మార్చారు.

ఒకసారి అట్లాస్ తీయండి. నారాయణపూర్‌కి హైదరాబాద్ నుంచి సరళరేఖలో సుమారు 385 కిలోమీటర్లు, భిలాయి నుంచి సుమారు 165. తేడా పెద్దదే. రానూపోనూ ఖర్చయ్యే గంటలు నిఘాకి మిగులుతాయి. అదే సుక్మాకి లెక్కేస్తే హైదరాబాద్ నుంచి సుమారు 350, భిలాయి నుంచి సుమారు 310. లాభం కొంచెమే. స్థావరం దగ్గరైతే సమయం కలిసొస్తుంది. కానీ సాల, టేకు చెట్ల గుబురు పలచబడదు. ఆ గుబురు కింద నడిచేది ఎవరో దగ్గరితనం ఒక్కటే చెప్పదు.

‘ఎవరో’ అన్న ప్రశ్న ఎంత బరువైనదో చెప్పడానికి డ్రోన్‌తో సంబంధం లేని ఒక ఘటన చూడండి. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కేగూడలో గుమిగూడిన గ్రామస్తులపై బలగాలు కాల్పులు జరిపాయి. 17 మంది చనిపోయారు, వాళ్లలో మైనర్లూ ఉన్నారు. వాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో బయటికొచ్చింది. నేల మీద, అంత దగ్గరలో ఉన్నవాళ్లకే గుంపు కనిపించింది గానీ గుంపు ఎందుకు కూడిందో అందలేదు. వేల అడుగుల పైనుంచి థర్మల్ కెమెరాలో మనిషి ఒక తెల్ల చుక్క. విత్తనాల పండగ గురించి మాట్లాడుకోవడానికి వచ్చిన చుక్కకీ, తుపాకీతో వచ్చిన చుక్కకీ తేడా చెప్పాలంటే ఆ ప్రాంతం, ఆ పండగ, ఆ గోండి మాట తెలిసిన మనిషి విశ్లేషణ గదిలో ఉండాలి.

లింకు తెగితే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2017లో డోక్లాం ఉద్రిక్తత సద్దుమణిగిన కొన్ని నెలలకే సిక్కిం సెక్టార్‌లో ఒక హెరాన్ నియంత్రణ తప్పి చైనా వైపు వెళ్లి కూలింది. సాంకేతిక లోపమని మన రక్షణ శాఖ డిసెంబర్ 7న ప్రకటించింది. సరిహద్దులో పైలట్ అవగాహన పోతే అది దౌత్య సమస్య అవుతుంది.

5. చట్టం ఎక్కడుంది?

డ్రోన్ నియమాలు-2021 బరువును బట్టి ఐదు తరగతులు పెట్టాయి: నానో (250 గ్రాముల వరకు), మైక్రో (2 కిలోలు), స్మాల్ (25), మీడియం (150), లార్జ్ (ఆపైన). గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడగొట్టాయి. ఆకుపచ్చలో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఇది గగనతలాన్ని పంచుకునే ఏర్పాటు. డ్రోన్ కంటికి కనిపించనంత దూరం వెళ్తే పైలట్‌కి అవగాహన ఎలా అన్నది వేరే సవాలు. 2021 సెప్టెంబర్‌లో తెలంగాణలోని వికారాబాద్‌లో మొదలైన ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ అలాంటి దూరపు ప్రయోగమే. 2024 అక్టోబర్‌లో అమెరికాతో 31 ఎంక్యూ-9బి విమానాలకు ఒప్పందం కుదిరింది. విమానాలు కొనుక్కోవచ్చు. వాటి తెర ముందు కూర్చునేవాళ్లను మాత్రం మనమే తయారుచేసుకోవాలి.

జవాబులో ఎలా వాడాలి?

‘సవాళ్లు’ రాసేటప్పుడు మూడు మెట్లనే ఉపశీర్షికలుగా పెట్టండి. గమనింపుకి నొగాలిస్, అర్థం చేసుకోవడానికి ఉరూజ్‌గాన్, అంచనాకి లింకు తెగినప్పుడు విమానం ఏం చేస్తుందో ముందే తెలిసి ఉండాల్సిన అవసరం. పరిష్కారాల్లో ‘అధునాతన సెన్సర్లు’ అని ఆగిపోకండి. స్థానిక భాష తెలిసిన విశ్లేషకులు, అనుమానం వచ్చినప్పుడు ‘ఆగండి’ అనే అధికారం కింది సిబ్బందికి ఇవ్వడం, ప్రతి పొరపాటు మీదా బహిరంగ విచారణ, ఈ మూడూ రాయండి. రేపు మనలో ఒకరు ఏదో జిల్లాలో కలెక్టర్‌గానో ఎస్పీగానో అలాంటి తెర ముందు నిలబడతారు. అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఏం కనిపిస్తోంది?’ కాదు. ‘అది అదేనని మనకెలా తెలుసు?’

సాధన ప్రశ్న (250 పదాలు): “నిఘా సామర్థ్యం పెరిగినంత మాత్రాన పరిస్థితి అవగాహన పెరగదు.” వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లో మానవరహిత విమానాల వినియోగం నేపథ్యంలో చర్చించండి.