అన్నం మాని రొట్టె తినమన్న రోజులు

1887 అక్టోబరు 5న లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో సామ్యూల్ గీ అనే వైద్యుడు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మరుసటి ఏడు అది అచ్చయింది. ఏడాదికీ అయిదేళ్ళకూ నడుమనున్న పిల్లలను ఎక్కువగా పట్టుకునే ఒక జబ్బు గురించి ఆయన అందులో వివరించాడు. పొట్ట ఉబ్బిపోతుంది, కాళ్ళూ చేతులూ పుల్లలవుతాయి, తిన్నది ఒంటికి పట్టకుండా జిడ్డుగా, పాలిపోయిన మలంగా పోతుంది. క్రీస్తుశకం తొలి శతాబ్దాలనాటి గ్రీకు వైద్యుడు అరెటేయస్ పెద్దవాళ్ళలో ఇటువంటి బాధనే వర్ణించి, పొట్టకు సంబంధించిన మాటతోనే పేరు పెట్టాడు. సీలియాక్ అన్న నేటి పేరు అక్కడినుంచి వచ్చినదే.

ఈ రోగం కుదరడమంటూ జరిగితే అది ఆహారం వల్లనే జరగాలని గీ అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమైంది. ఆ వెంటనే ఏం పెట్టాలో, ఏం మానాలో కూడా చెప్పాడు. బియ్యం, సగ్గుబియ్యం, మొక్కజొన్న పిండి పనికిరావన్నాడు. రస్కులూ, పలుచగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టెముక్కలూ మేలన్నాడు!

అన్నం తినే మనబోటివాళ్ళం ఈ జాబితా దగ్గర కాసేపు ఆగవలసిందే. ఆయన వద్దన్న మూడూ ఈ రోగికి నిక్షేపంగా పనికివచ్చేవి. రమ్మన్న రొట్టె ఒక్కటే విషం. గీ తెలివితక్కువవాడేమీ కాడు. ఆ రోజుల్లో అనుమానమంతా పిండిపదార్థం మీద ఉండేది. బాగా కాలిస్తే రొట్టె తేలిగ్గా అరుగుతుందని నమ్మకం. ఆయన ఉపన్యాసంలోనే మరో సంగతి ఉంది. ఒక బిడ్డకు రోజూ ఒక క్వార్టు, అంటే లీటరుకు కాస్త ఎక్కువ, డచ్చి ఆలిచిప్పల మాంసం పెడితే చక్కగా కోలుకున్నాడట. ఆలిచిప్పల కారు అయిపోగానే జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ కారు వచ్చేసరికి పిల్లవాడు వాటిని ముట్టనని మొండికేశాడు. ఆ బిడ్డను కాచింది ఆలిచిప్పలలోని గుణమా, వాటితో కడుపు నిండి రొట్టెకు చోటు లేకపోవడమా? ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

ఇక గోధుమలోని ఆ జిగురు పదార్థం కొత్తగా కనుక్కోవలసినదేం కాదు. ఇటలీలోని బొలోన్యాలో బెక్కారి అనే పండితుడు 1728 నాటికే దానిని విడదీశాడు. మీరూ చేసి చూడవచ్చు. చపాతీపిండి ముద్దను నీళ్ళలో పిసుకుతూ పోతే తెల్లని గంజిపిండి కడుక్కుపోయి, చివరకు చేతిలో రబ్బరులా సాగే ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. రొట్టె పొంగేది దానివల్లనే.

1924లో న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం ప్రకటించాడు. రొట్టె, బంగాళాదుంప, ధాన్యాలన్నీ మాన్పించి అరటిపండ్లు దండిగా పెట్టాడు. పిల్లలు బతికారు. కీర్తి మాత్రం అరటిపండుకు దక్కింది. ఏది పెట్టినందువల్ల మేలు జరిగిందా అని వెతికారే గాని, ఏది మాన్పించినందువల్ల అని వెతకలేదు. ఫలితంగా, జబ్బు నయమైందనుకుని మళ్ళీ రొట్టె మొదలుపెట్టినవాళ్ళ లోపల ప్రేగు మళ్ళీ పాడవుతూనే ఉండేది.

ఆ చిక్కు విప్పినవాడు హాలెండులోని హేగ్ నగరపు పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె. ఆయన గురించి బాగా ప్రచారంలో ఉన్న కథ ఇది: 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలోని పశ్చిమ హాలెండుకు తిండిగింజలు అందలేదు. రైల్వేవాళ్ళు సమ్మె చేశారు, జర్మన్లు రవాణా బిగించారు, కాలువలు గడ్డకట్టాయి. జనం టులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. సుమారు ఇరవై వేలమంది చనిపోయారు. ఊరంతా శుష్కిస్తున్న ఆ రోజుల్లో సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు. విమానాలు రొట్టె జారవిడిచాక మళ్ళీ జబ్బుపడ్డారు. డికె అది చూసి అసలు సంగతి గ్రహించాడు.

కథ బాగుంది, నాకే ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. కాని తేదీలు ఒప్పుకోవు. గోధుమ మాన్పిస్తే ఈ పిల్లలు కోలుకుంటున్నారని డికె 1930లలోనే గమనించి, 1941లోనే ఒక డచ్చి వైద్యపత్రికలో వ్యాసం రాశాడు. కరువు ఆయనకు కొత్త ఊహ ఇవ్వలేదు, ఉన్న ఊహకు బలం ఇచ్చింది. అసలు శ్రమ యుద్ధం తరువాత మొదలైంది. జీవరసాయన శాస్త్రవేత్త వాన్ డి కామెర్ మలంలోని కొవ్వును కొలిచే పద్ధతి కనిపెట్టాడు. వైఖెర్స్ అనే మరో పిల్లల వైద్యుడు తోడయ్యాడు. ఆసుపత్రిలో పిల్లలకు కొన్నాళ్ళు గోధుమ పెట్టి, కొన్నాళ్ళు మాన్పించి, ఒంట్లో ఎంత కొవ్వు ఇంకిందో, ఎంత పోయిందో తూచారు, బరువులు గీతల్లో గీశారు. 1950లో యూట్రెక్ట్‌లో సమర్పించిన డికె సిద్ధాంతవ్యాసం ఈ పనిమీదే నిలిచింది. 1952లో బర్మింగ్‌హామ్ బృందం గోధుమపిండిని బెక్కారి లాగానే కడిగి రెండుగా చీల్చింది. గంజిపిండి పెడితే ఏమీ కాలేదు, జిగురు పెడితే జబ్బు వచ్చింది. అరవై అయిదేళ్ళ తరువాత సామ్యూల్ గీ బియ్యానికి వేసిన శిక్ష రద్దయింది.

ఈ చరిత్ర చదవడానికి నాకొక కారణం ఉంది. మా మేనకోడలికి ఈ జబ్బు ఉందని తేలినప్పుడు, ‘మనం అన్నం తినేవాళ్ళమేగా, ఏం భయం?’ అన్నారు ఇంట్లో అందరూ. అందులో సగం నిజముంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తర భారతంలో వందకు ఒకరికి మించి ఈ జబ్బు ఉంటే, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి ఉంది. జబ్బుకు కావలసిన జన్యువులు మాత్రం రెండుచోట్లా ఇంచుమించు ఒకే పాళ్ళలో, మూడోవంతు మందికి పైగా ఉన్నాయి. అంటే మనను కాచినది చాలావరకు కంచంలోని అన్నమే. ఆ కంచంలోకి బొంబాయి రవ్వ, సేమియా, మైదా, చపాతీ ఎంతగా వచ్చాయో వేరే చెప్పాలా?

మిగతా సగం వంటింట్లో ఉంది. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, పప్పులు, మొక్కజొన్న, ఇవన్నీ నిర్భయంగా తినదగినవే. గోధుమ, బార్లీ, రై కూడవు. చిక్కంతా పేరు చూసి పోల్చుకోలేనివాటితోనే. పులిహోరలో పడే చిటికెడు ఇంగువ పొడిని తీసుకోండి. అంగట్లో దొరికే చాలా ఇంగువలలో అసలు బంక కొద్దిగా ఉండి, మిగతాది మైదానో గోధుమపిండో ఉంటుంది. బియ్యప్పిండితో చేసినవీ దొరుకుతాయి గనుక డబ్బా వెనుక చదివి కొనుక్కోవాలి. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఉప్మా రవ్వ గోధుమది. పాలలో కలిపే మాల్టు పొడులలో బార్లీ ఉంటుంది. రాగిమాల్టు కేవలం రాగులతో చేసినదైతే పేరు చూసి బెదరనక్కరలేదు. జ్వరమొస్తే మన పెద్దవాళ్ళు కాచి ఇచ్చే బార్లీనీళ్ళు ఈ పిల్లకు పనికిరావు. ఓట్సు స్వతహాగా చాలామందికి పడతాయి గాని, పొలంలోనూ మిల్లులోనూ గోధుమతో కలిసిపోతాయి కాబట్టి విడిగా శుద్ధి చేసినవే కావాలి.

ఇక పిండిమర. గోధుమలు పట్టిన మరలోనే మన బియ్యం పోయించుకుంటే ఏమవుతుంది? అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2008లో నిర్ణయించిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. మనదేశపు నిబంధనా అదే. ఒక గోధుమ రొట్టెముక్కలో ఉండే గ్లూటెన్ సుమారు రెండు గ్రాములు. దానిని వంద కిలోల బియ్యప్పిండిలో కలిపితే ఆ హద్దు దగ్గరకు వచ్చేస్తుంది. మర రాళ్ళ సందుల్లో మిగిలే గోధుమపిండి ఏపాటిదో మరకు వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. మా అక్కయ్య ఇప్పుడు బియ్యం కడిగి, నీడన ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీలో పట్టి జల్లించుకుంటోంది. ఆ జల్లెడతో గోధుమపిండి జల్లించకుండా దాని పిడికి ఒక ఎర్రదారం కట్టింది.