ఛాయ పోయి రేఖ మిగిలిన వైనము

మూసీనది యొడ్డున పొలముల నడుమ నొదిగియుండిన నాగోల్ గ్రామము, 2017 నవంబరులో మియాపూరు నుండి అమీరుపేట మీదుగా 30 కిలోమీటర్ల మెట్రోరైలు మార్గము ప్రారంభమగుటతో, భాగ్యనగరమునకు తూర్పు వాకిలి యైనది. ఆ వాకిలి నుండి ఉప్పల్ కూడలి దాక నడచువానికి, జన్మదిన శుభాకాంక్షలతో వ్రేలాడు ఫ్లెక్సీలపై యువనాయకుల ముఖములు, నల్లని యంచులతో, చదునైన రంగులతో, విశాల నేత్రములతో, కార్టూను బొమ్మలుగా మారి దర్శనమిచ్చును. పెండ్లిపత్రికలలోను వధూవరులు చిన్న దేహములపై పెద్ద తలలతో చిఱునవ్వు నవ్వుచుందురు. ఇది చూచి, వ్యంగ్యచిత్రకళ జనసామాన్యము చేతికి వచ్చినదని మురియువారు కలరు. నాకు మాత్రము ఈ బొమ్మ వ్యంగ్యచిత్రకారుల వంశాంకురముగా తోచదు. దీని పూర్వులు వేరొక యింటివారు.

ఆ యింటి జాడ నిజాముల హైదరాబాదులో దొరకును. మీరటు సమీపమున సర్ధనలో 1844లో జన్మించి, ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేయుచు ఛాయాగ్రహణమును వినోదముగా నభ్యసించిన లాలా దీనదయాళు, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువున ఛాయాగ్రాహకుడై, 1894లో రాజా ముసవ్విర్ జంగ్ బహద్దూరు అను బిరుదము నందెను. 1892లో ఆయన అంతఃపుర స్త్రీల కొరకు హైదరాబాదున ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనిత కప్పగించెను. ఆ కాలపు స్టూడియోలలో కెమెరా పని ముగిసిన పిదపనే అసలు పని మొదలయ్యెడిది. గాజుపలక నెగటివునందు ముఖము మీది మచ్చలును ముడతలును వెలుతురు దూరు పలుచని తావులుగా నిలుచును. రిటచింగు పనివాడు పలక వెనుక వెలుగు నిలిపి, సూదివలె చెక్కిన గట్టి పెన్సిలుతో ఆ తావులను చుక్కచుక్కగా పూడ్చగా, అచ్చు తీసినప్పుడు ఆ చోటు తెల్లబడి చర్మము నునుపు దేరెడిది. అటుపిమ్మట అచ్చుపై రంగులద్దువాడు తలపాగాకు సరిగయు, కంఠమునకు ముత్యములును సమకూర్చెడివాడు. వారిని నేను నిందించుట లేదు. రొక్క మిచ్చి తన మశూచికపు మచ్చలను తానే కొనుక్కొనువా డెవడు?

వ్యంగ్యచిత్రకారుల యిల్లు పత్రికా కార్యాలయములలో వెలసినది. దానికి పునాది వేసినది కళాభిమానము కంటె అచ్చుయంత్రపు బీదతనమే యనవచ్చును. ఆ దినములలో ఫొటోను అచ్చు వేయుటకు హాఫ్‌టోను బ్లాకు కావలసియుండెను. అనగా బొమ్మను సన్నని గళ్ళతెర గుండా చుక్కలుగా విడగొట్టి లోహపు రేకుపై చెక్కింపవలెను. మోటు న్యూస్‌ప్రింటు మీద ఆ చుక్కల నడుమ సిరా అలముకొనగా ఎంతటి దేశనాయకుని ముఖమైనను మసిగుడ్డ యగుచుండెను. నల్లసిరాతో గీసిన గీతకు లైను బ్లాకు చాలెడిది: గీతను జింకు రేకు మీదికి దించి, తక్కిన భాగమును ఆమ్లముచేత తినిపించినచో, అది చవుకయు స్ఫుటమును అయ్యెడిది. కావుననే సంపాదకులకు గీత తెలిసినవాడు కావలసివచ్చెను. ఆంధ్రపత్రిక, భారతి పాఠకులకు తలిశెట్టి రామారావు గారును, తరువాతి తరమువారికి బాపు గారును ఆ గీతారుచిని మప్పిరి. వ్యంగ్యచిత్రకారుని యెదుట మంత్రిగారు వచ్చి కూర్చుండరు గదా. అతనికిని ఆధారము ఫొటోయే. కాని ఆ ఫొటోలో అతడు వెదకునది, ఆ ముఖము తక్కిన ముఖముల నుండి ఎచ్చట తొలగి నిలిచినదో ఆ చోటు. అది చిక్కినచో కన్ను లేకున్నను, చెవి లేకున్నను మనిషి కనబడును.

ఈ రెండిండ్లవారును ఒకే ముఖముపై పని చేసిన ఘట్టము మన నాచారముతో ముడిపడియున్నది. నందమూరి తారకరామారావు గారు 1976లో నాచారమున రామకృష్ణ స్టూడియో నెలకొల్పిరి. తాము నిర్మించి, దర్శకత్వము వహించి, కర్ణ, దుర్యోధన, శ్రీకృష్ణ పాత్రలు మూడింటిని ధరించిన ‘దానవీరశూరకర్ణ’ 1977 సంక్రాంతికి విడుదలయ్యెను. అట్టి చిత్రములకు బేనరు గీయు మొదటి యింటివారు, అరచేతి వెడల్పు స్టిల్లు ఫొటోపై పెన్సిలుతో గళ్ళు గీసి, నిలువెత్తు గుడ్డపై అన్నియే గళ్ళను పెద్దవిగా గీసి, గడి తరువాత గడిగా బొగ్గుతో ఆకృతి నెక్కించి, నీడలకు నీలియు వెలుగులకు గులాబియు పూసెడివారు. నలుపు తెలుపుల స్టిల్లులో లేని ఆ నీలి బుగ్గ ఎచ్చటిది? రోడ్డుకు ఆవలి నుండి చూచువానికి మధ్యరంగులు కనబడవు, గావున రెండే రంగులతో ముఖము నిలబెట్టవలసి వచ్చినది. ఈనాటి సాఫ్ట్‌వేరు చేయునది సరిగా ఇదియే. అయితే బేనరువానికి ఆ తగ్గింపు చూపు దూరము వలన కలిగిన అవసరము. (బాపు గారి తొలి చిత్రము ‘సాక్షి’ 1967లో రాగా, పోస్టరు రచనలో సుదీర్ఘకాలము వెలిగిన ఈశ్వర్ గారు దానితోనే ఆ వృత్తిలో ప్రవేశించుట, ఈ రెండిండ్ల నడుమ రాకపోకలు ఉండెడివనుటకు నిదర్శనము.) పిదప 1982 మార్చిలో రామారావు గారు తెలుగుదేశము స్థాపించి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి యగుటతో, బేనరుపై కిరీటము ధరించిన ముఖమే పత్రికలలో కాషాయవస్త్రములతో ప్రత్యక్షమయ్యెను. నిన్నటి దాక ఆ ముఖమునకు కాంతి పెంచిన గీత, నేడు దానిని చిక్కులలో పెట్టసాగెను. కటౌటు కట్టినవాడును, కార్టూను గీసినవాడును ఫొటోనే చూచిరి. ఒకడు భక్తునివలె, వేరొకడు పొరుగింటివానివలె చూచెను.

ఈ ప్రాంతమునందే మూడవ విధమైన చూపు కూడ ఒకటి కలదు. దానిని కళాచరిత్రలు పట్టించుకొనవు. ఉప్పల్‌లో, దేశపటములు గీయు భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణాలయము చిరకాలముగా నున్నది. విమానము నుండి, నూటికి అరువది పాళ్ళు ఒకదానిపై నొకటి పడునట్లు తీసిన ఫొటోల జంటను యంత్రములో నుంచి, ఎడమకంటికి ఒకటియు కుడికంటికి ఒకటియు చూపినప్పుడు నేల లేచి నిలుచును. గుట్టలు ఉబుకును, వాగులు దిగబడును. ఆ నేలపై ఒక వెలుగుచుక్కను నడిపించుచు పనివాడు బాటను, ఏటిని, చెరువుకట్టను, సమోన్నత రేఖలను గీయును. చెట్టునీడ గీయడు, మబ్బు గీయడు, ఆనాడు దారిన పోవుచుండిన బండిని గీయడు. ఫొటోను రేఖగా మార్చుటలో ఇంతటి నిష్ఠ మన పరిసరముల నింకెచ్చటను కానరాదు. విడువదగిన దేదో ఎరిగి విడుచువాని గీత యది.

యంత్రము ఎరుగక విడుచును. ఎచ్చట వెలుగు చప్పున మారునో అచ్చట అంచు కలదని గుర్తించు గణితపద్ధతిని జాన్ కేనీ 1986లో ప్రకటించెను. టామస్, జాన్ నోల్ సోదరుల ఫొటోషాప్ 1990లో వెలువడెను. ఆ తరువాత డీటీపీ దుకాణములలో పేజ్‌మేకరు, కోరల్‌డ్రాలతో పాటు అదియు ప్రవేశించి, ఫ్లెక్సీ యంత్రములు వచ్చు నాటికి బేనరు కుంచెను మూలకు నెట్టెను. మొదట పనివారు ఫొటోపై పెన్‌టూలుతో చుట్టును గీత గీసి, బుగ్గకు ఒక రంగు, నీడకు ఒక రంగు నింపెడివారు. ఓపిక గలవాని చేతిలో అది ఇంచుమించు బేనరుపనియే. పిదప ఆ ఓపికయు అక్కరలేకపోయెను. సన్నని భేదములను చదును చేసి పెద్ద భేదములను నిలుపు జల్లెడ నొకదానిని బొమ్మపై నడిపి, మిగిలిన రంగులను కొన్ని మెట్లుగా కుదించి, అంచులకు నలుపు దిద్దినచో కార్టూను సిద్ధము. ఈ జల్లెడకు కుంకుమబొట్టు, మీసము, కళ్ళజోడు పెద్ద భేదములు, గావున నిలుచును. ముడత, మచ్చ, కంటి క్రింది అలసట సన్నని భేదములు, గావున పోవును. దీనదయాళు కాలపు పెన్సిలు చుక్క చేసిన పని యిదియే గదా!

2015లో ఒక చిత్రకారుని శైలిని వేరొక ఫొటోకు పూయు నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) విధానము జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులచే ప్రకటితమయ్యెను. మరుసటి యేట ప్రిస్మా యాప్ దానివంటి వింతను సెల్‌ఫోనులోనికి తెచ్చెను. 2025 మార్చిలో జపానువారి జిబ్లీ స్టూడియో బొమ్మల పోలికతో ప్రపంచమంతయు తన ముఖమును తాను గీయించుకొన్నప్పుడు, నాగోల్ కుటుంబములును వెనుకబడలేదు. అందులో మన మామ్మగారి ముక్కుపుడక నిలిచినను ముక్కు నిలువలేదు. ఆ శైలిలో ముక్కునకు దక్కిన చోటు అంతియే.

యంత్రమునకు వ్యంగ్యము చేతగాదని మాత్రము అనరాదు. ఫొటోషాప్ పుట్టక మునుపే, 1985లో, సూసన్ బ్రెనన్ అను అమెరికా పరిశోధకురాలు తన వ్యంగ్యచిత్ర యంత్రమును గూర్చి ప్రకటించెను. పెక్కు ముఖముల సగటును లెక్కగట్టి, ఎదుటి ముఖము ఆ సగటు నుండి ఎచ్చట నెంత తొలగినదో చూచి, ఆ తొలగుటను ఇంకను సాగదీయుట దాని పద్ధతి. పొడవైన గడ్డము మరింత పొడవగును, ఇరుకైన కన్ను మరింత ఇరుకగును. మన పత్రికా చిత్రకారులు లెక్క లేకయే చేసినది ఆమె లెక్కతో చేసినది. ఇన్నేండ్ల పిమ్మటను ఉప్పల్ ఫ్లెక్సీ దుకాణములకు ఆ బేరము రాలేదు. పెండ్లికొడుకు పక్షమువారు తెరవంక చూచి ముక్కు కొంచెము తగ్గింపుమందురు, మేనిఛాయ ఒక మెట్టు పెంచుమందురు. ముక్కు పెంపుమని యడిగిన వరు డొక్కడును నాకు తారసపడలేదు.