జారో మఠములో మిగిలిన రెండు స్వరములు

ఆంగ్లో-సాక్సనుల మధ్య సంఘ చరిత్ర అనగానే క్రీ.శ. 597లో అగస్టీను కెంటుకు వచ్చుట, 664లో జరిగిన విట్బీ సభ మనకు జ్ఞాపకము వచ్చును. ఇవి ముఖ్యమైనవే. అయితే ఆ సంఘమును లోపలనుండి నిలిపినదేమిటో గ్రహించుటకు మేము ఒక చిన్న సంఘటనను ఇక్కడ పరిశీలించుచున్నాము.

నార్తంబ్రియా రాజైన ఎగ్‌ఫ్రిత్ ఇచ్చిన భూమిలో బెనెడిక్ట్ బిస్కప్ 674లో వేర్‌మౌత్ మఠమును స్థాపించెను. ఆయన పలుమార్లు రోమాకు వెళ్లి గ్రంథములు తెచ్చెను. రోమాలోని పరిశుద్ధ పేతురు దేవాలయపు ప్రధాన గాయకుడైన యోహాను వచ్చి, కీర్తనలు పాడు క్రమమును అక్కడివారికి నేర్పెను. తరువాత జారోలో మరియొక మఠము ఆరంభము కాగా చెయోల్‌ఫ్రిత్ దానికి అధిపతి ఆయెను. 685 ఏప్రిల్ 23న అక్కడి దేవాలయము ప్రతిష్ఠింపబడెను.

కొద్దికాలమునకే తెగులు వచ్చెను. చదువగలవారు, ప్రసంగింపగలవారు, కీర్తనలకు పల్లవులు పాడగలవారు అందరును మరణించిరి. అధిపతియు, ఆయన పెంచి విద్య నేర్పిన ఒక బాలుడును మాత్రమే మిగిలిరి. చెయోల్‌ఫ్రిత్ మిక్కిలి దుఃఖపడి, సాయంకాల ప్రార్థనలోను వేకువ ప్రార్థనలోను తప్ప మిగిలిన వేళలలో పల్లవులు విడిచిపెట్టుదమని నిర్ణయించెను. ఒక వారము కన్నీళ్లతో అట్లు గడిచెను. అంతకంటె ఆయన ఓర్వలేక పూర్వపు క్రమమునే మరల చేపట్టెను. సహాయకులు తర్ఫీదు పొందువరకు ఆ ఇద్దరే ప్రయాసపడి ఆరాధన జరిగించిరి.

ఆ బాలుడు బీడ్ అని అనేకులు తలంచుచున్నారు. అయితే ఈ సంగతిని తెలుపు చెయోల్‌ఫ్రిత్ జీవిత చరిత్ర బాలుని పేరు చెప్పదు. కనుక ప్రసంగ వేదికపై దానిని నిశ్చయముగా చెప్పుట తగదని మా అభిప్రాయము.

ఆ మఠముల తదుపరి ఫలము మాత్రము నిశ్చయము. చెయోల్‌ఫ్రిత్ మూడు సంపూర్ణ లాటిన్ బైబిళ్లను వ్రాయించెను. 716లో వాటిలో ఒకదానిని రోమాకు తీసికొని పోవుచు లాంగ్ర్ పట్టణమున మరణించెను. వెయ్యికి పైగా పత్రములుగల ఆ ప్రతి నేడు ఫ్లోరెన్సులో ఉన్నది. బీడ్ 731లో ఆంగ్ల జనుల సంఘ చరిత్రను ముగించెను.

నలుగురు రాలేదని వేకువ ప్రార్థన మానివేసిన దినములు కాపరులమైన మనకు తెలియనివి కావు. చెయోల్‌ఫ్రిత్ కూడ ఒక వారము క్రమమును తగ్గించెను. దానిని బట్టి మనము ఆయనను నిందింపము. అయితే ఆయన మరల ఆరంభించగలిగెను. ఏలయనగా తెగులు రాకమునుపే ఒక బాలునికి కీర్తనలు నేర్పియుండెను. మన తరువాత పాడుటకు మనము ఎవరికి నేర్పుచున్నాము?