ఓ ప్రేక్షకుడా, రేపు రా

2017 జూన్‌లో ఆఫీసు మిత్రులతో కలిసి టామ్ క్రూజ్ ‘ది మమ్మీ’కి వెళ్ళాను. ‘బాహుబలి’ రెండో భాగం వచ్చి అప్పటికి ఆరు వారాలైంది. కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి దాదాపు రెండేళ్ళు ఆగి, చివరికి జవాబు చేతికందిన సంతోషంలో ఉన్నాం అందరం. కథను సగంలో ఆపినా ఫర్వాలేదు, మిగతా సగం ఎలాగూ వస్తుందన్న ధీమా ఉండేది. సినిమా మొదట్లో యూనివర్సల్ వాళ్ళ భూగోళం ఎప్పట్లాగే తిరిగింది. దాని చీకటి వైపు నుంచి ‘డార్క్ యూనివర్స్’ అని ఇంకో పేరు బయటికొచ్చింది. పక్కనున్న మిత్రుడు నా చెవిలో, “సినిమా ఇంకా మొదలవలేదు, సిరీస్ మాత్రం మొదలైపోయిందిరా” అన్నాడు.

ఆ పేరుతో రెండో సినిమా రాలేదు.

మొదటి సినిమాతోనే ఆగిపోయిన సిరీస్‌లు హాలీవుడ్‌లో బోలెడున్నాయి. 1975లో వచ్చిన ‘డాక్ సావేజ్’ చివర్లో తరవాతి సినిమా పేరు కూడా వేసేశారు. 1984 నాటి ‘బకరూ బాంజాయ్’ చివర్లోనూ అంతే. 1985లో ‘రెమో విలియమ్స్’ తీసినవాళ్ళయితే ‘సాహసం మొదలవుతోంది’ అన్న అర్థం వచ్చేలా సినిమాకే పేరు పెట్టుకున్నారు. వీటిలో దేనికీ రెండో సినిమా రాలేదు. అయినా నన్ను వదలకుండా పట్టుకున్నది ‘మమ్మీ’నే. ఎందుకంటే అదే కంపెనీ, అవే భూతాలతో, 86 ఏళ్ళ ముందు ఇదే పనిని ఏ ప్లానూ లేకుండా చేసి చూపించింది.

ముందు 2017 సంగతి చూద్దాం. ‘మమ్మీ’ విడుదలకు కొద్ది వారాల ముందు, మే నెలలో, యూనివర్సల్ ఒక ఫొటో వదిలింది. టామ్ క్రూజ్, రస్సెల్ క్రో, హావియేర్ బార్డెమ్, జానీ డెప్, సోఫియా బుటెల్లా. బార్డెమ్ ఫ్రాంకెన్‌స్టైన్ భూతంగా, డెప్ అదృశ్య మానవుడిగా రాబోతున్నారని చెప్పారు. బిల్ కాండన్ దర్శకత్వంలో ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’కి 2019 ఫిబ్రవరి 14 అని తేదీ కూడా వేశారు. పెళ్ళికూతురి సినిమాకి ప్రేమికుల రోజు! అంటే మొదటి సినిమా జనానికి నచ్చుతుందో లేదో తెలియకముందే రెండోదానికి ముహూర్తం పెట్టేశారన్నమాట.

ఈ తొందర సినిమాలోనూ కనిపిస్తుంది. ఇరాక్ ఎడారిలో పాతిపెట్టిన ఈజిప్టు రాకుమారి అహ్మనెట్ లేచి, లండన్ దాకా హీరో వెంటపడుతుంది. ఇంతవరకూ కథ బాగానే పరిగెడుతుంది. ఇంతలో హీరోని లండన్‌లో ఒక రహస్య సంస్థలోకి తీసుకెళతారు. దాని అధిపతి డాక్టర్ జెకిల్. అవును, స్టీవెన్‌సన్ నవలలోని జెకిలే. లోకంలో ఉన్న భూతాలన్నిటినీ పట్టుకోవడమే తమ పని అని ఆయన వివరిస్తాడు. అక్కడ గాజు జాడీల్లో ఒక రక్తపిశాచి పుర్రె, ఇంకేదో జలచరం చెయ్యి ఉంటాయి. ప్రాణాల కోసం పరిగెడుతున్నవాణ్ణి ఆపి, కొత్త ఉద్యోగంలో మొదటిరోజు ఓరియెంటేషన్‌కి కూర్చోబెట్టినట్టుంటుంది. కథకి పక్కనున్న ఆ జాడీలన్నీ తరవాతి సినిమాలకు వేసిన విత్తనాలు. చివరికి హీరోలో ఒక దుష్టశక్తి చేరుతుంది. దాంతో అతను మంచివాడవుతాడా చెడ్డవాడవుతాడా? ఆ ప్రశ్న అలాగే ఉండగా ఎడారిలోకి వెళ్ళిపోతాడు.

సినిమాకి ప్రపంచవ్యాప్తంగా 41 కోట్ల డాలర్ల దాకా వసూలైంది. అందులో అమెరికా వాటా 8 కోట్లే. పెట్టిన ఖర్చుకీ, మోయాలనుకున్న బరువుకీ అది చాలలేదు. అక్టోబరులో ‘బ్రైడ్’ పనులు ఆపేశారు. ఆ తరవాత కొన్నాళ్ళకే ఈ ప్రపంచాన్ని నడపాల్సిన అలెక్స్ కర్ట్‌జ్‌మన్, క్రిస్ మోర్గన్ తప్పుకున్నారన్న వార్తలొచ్చాయి. పైగా ఇది మొదటి ప్రయత్నం కూడా కాదు. 2014లో వచ్చిన ‘డ్రాక్యులా అన్‌టోల్డ్’ కూడా చివర్లో హఠాత్తుగా ఇప్పటి లండన్‌కి దూకి, ఇంకా చాలా ఉంది చూడండి అన్నట్టు ముగుస్తుంది. దానికీ రెండో భాగం లేదు.

ఇప్పుడు 1931కి వెళదాం.

ఆ ఏడాది ఫిబ్రవరిలో యూనివర్సల్ నుంచి ‘డ్రాక్యులా’ వచ్చింది. అది ఆడటంతో నవంబరులో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చింది. రెండిటి నిర్మాతా కార్ల్ లెమ్లీ జూనియర్, కంపెనీ స్థాపకుడి కొడుకు, ఇరవై మూడేళ్ళవాడు. భూతం వేషం వేసిన బోరిస్ కార్లాఫ్‌కి నలభై దాటాయి. అప్పటికే పదుల కొద్దీ సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసినా పెద్దగా ఎవరికీ తెలియదు. సినిమా మొదట్లో భూతం పాత్ర ఎదురుగా నటుడి పేరు వేయకుండా ప్రశ్నార్థకం గుర్తు పెట్టారు.

ఆ సినిమా ఎలా ముగుస్తుందో చూడండి. ఊరంతా కాగడాలు పట్టుకుని భూతాన్ని ఒక పాత గాలిమరలోకి తరిమి, దానికి నిప్పు పెడతారు. భూతం పైనుంచి దూలం పడి, మంటల మధ్య అరుస్తూ ఉండిపోతుంది. గాలిమర కూలిపోతుంది. మళ్ళీ తిరిగొస్తుందేమో అన్న సైగ ఒక్కటీ లేదు. జాడీ లేదు, పుర్రె లేదు. ఆ రోజు టికెట్టు కొన్నవాడికి ఇవ్వాల్సిన కథ ఆ రోజే పూర్తిగా ఇచ్చేశారు.

సినిమా విపరీతంగా ఆడింది. ఇంకోటి కావాలన్నారు. దర్శకుడు జేమ్స్ వేల్ మొదట్లో ఒప్పుకోలేదు, మధ్యలో వేరే సినిమాలు చేసుకున్నాడు, అందులో ‘ది ఇన్‌విజిబుల్ మ్యాన్’ ఒకటి. చివరికి 1935లో ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ తీశాడు. చచ్చిన భూతాన్ని ఎలా తేవాలి? గాలిమర కింద నీళ్ళు నిండిన గొయ్యి ఉందన్నారు. భూతం అందులో పడి బతికిందన్నారు. నాలుగేళ్ళ కిందట లేని నీళ్ళు ఇప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చాయని ఎవరూ అడగలేదు. ఎందుకంటే జనానికి ఆ భూతం కావాలి. మొదటి సినిమాలో అది మూగది. కాబట్టి దానికి మనసులో ఏముందో వినాలన్న కోరిక చూసినవాళ్ళలో మిగిలిపోయింది. రెండో సినిమాలో ఒక గుడ్డి సన్యాసి దానికి మాటలు నేర్పుతాడు. ‘స్నేహితుడు’ అన్న మాట పలికించడం కోసమైనా ఆ సినిమా ఉండాల్సిందే అనిపిస్తుంది నాకు. ఆ రెండో సినిమా కూడా ఒక బురుజు పేలిపోయి భూతం చనిపోవడంతోనే ముగుస్తుంది. మళ్ళీ ఏమీ దాచుకోలేదు!

1936కల్లా లెమ్లీ కుటుంబం అప్పుల్లో కంపెనీనే పోగొట్టుకుంది. ఇక భూతాల పని అయిపోయిందనే అనుకోవాలి. కానీ 1938లో పాత ‘డ్రాక్యులా’నూ ‘ఫ్రాంకెన్‌స్టైన్’నూ జతగా మళ్ళీ వేస్తే జనం ఎగబడ్డారు. వెంటనే 1939లో ‘సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చింది. 1941 నాటి ‘ది వుల్ఫ్ మ్యాన్’లో హీరోని కన్నతండ్రే వెండి పిడి ఉన్న చేతికర్రతో కొట్టి చంపుతాడు. 1943లో సమాధి దొంగలు పెట్టె తెరిచినప్పుడు పున్నమి వెన్నెల పడి అతనే లేస్తాడు. ఆ సినిమా పేరు ‘ఫ్రాంకెన్‌స్టైన్ మీట్స్ ది వుల్ఫ్ మ్యాన్’. రెండు భూతాలు ఒకే కథలో కలుసుకోవడం యూనివర్సల్‌కి అదే మొదటిసారి. ‘డ్రాక్యులా’ వచ్చిన పన్నెండేళ్ళకి! 2017లో ఒక్క ఫొటోతో అయిపోతుందనుకున్న పని అది.

వీళ్ళేదో కళ కోసం తపించిన మహానుభావులని నేను చెప్పడం లేదు. రెండో సినిమా అయినా ఆరో సినిమా అయినా తీసింది డబ్బుకోసమే. 1944, 45ల్లో ‘హౌస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’, ‘హౌస్ ఆఫ్ డ్రాక్యులా’ అంటూ ఉన్న భూతాలన్నిటినీ ఒకే ఇంట్లో కుక్కారు. 1948కి కామెడీ జంట అబట్, కాస్టెల్లోల పక్కన నిలబెట్టారు. కథ పూర్తిగా ముగిస్తే సీక్వెల్ తప్పకుండా వస్తుందన్న సూత్రం కూడా లేదు. పూర్తిగా ముగిసి, ఒంటరిగానే మిగిలిన మంచి సినిమాలు కొల్లలు. కానీ అవి చూసినవాడు ఏమీ నష్టపోలేదు. సీక్వెల్ రాకపోతే కంపెనీకి నష్టం, అంతే. మన ‘మమ్మీ’ విషయంలో నష్టపోయింది ప్రేక్షకుడు. ఆ జాడీల కోసం వెచ్చించిన నిమిషాలు అతనివి.

మరి 2017 వాళ్ళకి ఈ పాత చరిత్ర తెలియదా? వాళ్ళ సొంత చరిత్రే కదా! నాకనిపించేదేమిటంటే, వాళ్ళ చూపు పక్క ఇంటి మీద ఉంది. 2012లో ‘అవెంజర్స్’ సాధించిన విజయం చూసి ప్రతి స్టూడియోకీ ఒక ‘ప్రపంచం’ కావాల్సి వచ్చింది. అందరూ పట్టుకున్నది 2008 నాటి ‘ఐరన్ మ్యాన్’ చివర్లో, పేర్లన్నీ పడ్డాక వచ్చే ఆ చిన్న సీనుని. దానికి ముందున్న రెండు గంటల్లో టోనీ స్టార్క్ కథ శుభ్రంగా ముగిసిందన్నది మరిచిపోయారు. లేచి వెళ్ళిపోయినవాడికి కూడా ఐరన్ మ్యాన్ పూర్తిగానే దొరికాడు.

మనకిది కొత్త కాదు. ‘చందమామ’లో బేతాళ కథ ప్రతి నెలా వచ్చేది. ఆ నెల కథ ఆ నెలే అయిపోయేది. విక్రమార్కుడు జవాబు చెప్పేవాడు, శవం మళ్ళీ చెట్టెక్కేది. వచ్చే నెల సంచిక దొరక్కపోయినా పిల్లవాడికి లోటు లేదు, అయినా వచ్చే నెల కోసం ఎదురుచూసేవాడు.

ఇదంతా నేనింత పట్టించుకోవడానికి ఒక సొంత కారణం ఉంది. ‘మమ్మీ’ చూసిన రోజుల్లో నేను పనిచేస్తున్న చోట చిన్న దుకాణాల కోసం ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. మేం దాన్ని సాఫ్ట్‌వేర్ అనేవాళ్ళం కాదు, ‘ప్లాట్‌ఫామ్’ అనేవాళ్ళం. దాని మీద ముందు ముందు ఇంకో నాలుగు ప్రాడక్టులు రావాలి. ఆ నాలుగింటి కోసం నేనే ఎంతో ముచ్చటగా ఖాళీ ఫోల్డర్లు పెట్టాను, అవి తగులుకోవడానికి కొక్కేలు పెట్టాను. అప్పట్లో ఒక మందుల షాపాయన వారం వారం ఫోన్ చేసేవాడు. కస్టమర్ పేరు కొడితే పాత బిల్లు రావాలి, అంతే ఆయన కోరిక. ముసలివాళ్ళు పాత మందులే మళ్ళీ అడుగుతారట, పేర్లు గుర్తుండవట. “నెక్స్ట్ ఫేజ్‌లో వస్తుంది సార్” అని చెప్పేవాణ్ణి. రెండు రోజుల పని అది. ఆ నెక్స్ట్ ఫేజ్ రాకముందే ప్రాజెక్టు మూసేశారు. చివరిరోజు కోడ్ చూసుకుంటే నా నాలుగు ఫోల్డర్లూ పేర్లతో సహా ఖాళీగా ఉన్నాయి. డాక్టర్ జెకిల్ జాడీలు నాకు గుర్తొచ్చింది అప్పుడే. ఆయనకి నేను చివరిసారి ఫోన్ కూడా చేయలేదు.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒకప్పుడు ఇళ్ళ తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారట. దెయ్యం వచ్చి, అది చదివి, సరే రేపొద్దాం అనుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు వస్తుంది, మళ్ళీ అదే చదువుతుంది. ఈ మధ్య మన సినిమాల చివర కూడా ‘పార్ట్ 2’ అని పడినప్పుడల్లా నాకా తలుపే గుర్తొస్తుంది. ‘బాహుబలి’ రెండో భాగం వచ్చింది కాబట్టి మనం రెండేళ్ళు సంతోషంగా ఎదురుచూశాం. అది ఒకే కథని రెండు ముక్కలుగా చెప్పడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం. ప్రతి తలుపు మీదా అదే రాస్తే మాత్రం, ఏదో ఒకరోజు దెయ్యమే రావడం మానేస్తుంది.

2020లో యూనివర్సల్ ‘ది ఇన్‌విజిబుల్ మ్యాన్’ని మళ్ళీ తీసింది. ఈసారి డెప్ లేడు, ఫొటో లేదు. లీ వనెల్ దర్శకుడు, ఖర్చు 70 లక్షల డాలర్లు. కనిపించని మాజీ ప్రియుడు పెట్టే హింస నుంచి తప్పించుకునే ఒక ఆడదాని కథ, మొదలుపెట్టిన రోజే ముగిసింది. 14 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది.

ఈ మధ్య నేను రాసే చిన్న ప్రోగ్రాముల్లో ఖాళీ ఫోల్డర్లు పెట్టడం మానేశాను. ఎవరైనా ఒక చిన్న సాయం అడిగితే, వీలైతే ఆ వారమే చేసేస్తున్నాను. ఆ షాపాయనకి మాత్రం ఇంకా బాకీ ఉన్నాను.