చెప్పిందొకరు, రాసిందొకరు

ఇటలీ తీరంలోని జెనోవా పాతబస్తీకి పోతే 12వ శతాబ్దపు కోటగుమ్మం పోర్తా సొప్రానా, రేవు దగ్గర 1260లో కట్టిన సాన్ జార్జో భవనం ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. 1298లో వెనిస్ వర్తకుడు మార్కో పోలో ఈ ఊళ్లో ఖైదీ. సాన్ జార్జోలోనే ఉంచారని చెప్తారు. ఆయన నోటితో చెప్తుంటే, తోటి ఖైదీ, పీసా ఊరి రుస్తికెల్లో రాశాడు.

అందులో మన మోటుపల్లి ఉంది. వజ్రాలు, సన్నని బట్టలు, ఏలే రాణి ఉన్నాయి. ఆమె రుద్రమదేవే అంటారు చరిత్రకారులు. కానీ భర్త పోయాక ఏలుతోందని రాశారు. నిజానికి రాజ్యం వచ్చింది తండ్రి గణపతిదేవుడి నుంచి. రాతలో ఆ తప్పు అట్లాగే ఉండిపోయింది.

మన గూడేల చరిత్రా నోటిమీదే ఉంది కదా. వేరేవాళ్లు రాస్తే ఇట్లాగే అవుతది. తాతలు, అవ్వలు చెప్పేది మనమే రాద్దాం. రాసింది వాళ్లకే చదివి వినిపిద్దాం. తప్పుంటే వాళ్లే దిద్దుతారు.